నిచ్చెన మీది మనిషి

తమ్ముడికి అక్క రాస్తున్న సంగతులు.

ఇక్కడ అమ్మ, నేను ఒంటితో బాగానే ఉన్నాం. నువ్వు బాగున్నావా అని అడగడం లేదు. గోడ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ నీ ఫోటో పత్రికలో పడితే, వీధిలో నలుగురు తెచ్చి మరీ చూపించారు. బాగానే ఉన్నావు, కాస్త ఒళ్ళు కూడా చేశావు. ఎప్పుడూ ఉత్తరం దీవెనలతో మొదలుపెట్టేదాన్ని. నాలుగు రోజులుగా కాగితం ముందు కూర్చుంటున్నాను, ఆ మాట దగ్గరే చెయ్యి ఆగిపోతోంది. అందుకని దాన్ని వదిలేసి రాస్తున్నాను.

నీ ఉత్తరం పోయిన సోమవారం అందింది. అందులో అడిగినవాటన్నిటికీ జవాబు చెబుతాను, కానీ నువ్వు అడిగిన వరసలో కాదు.

నాన్న గని దీపం పంపను. నీ బొమ్మల ప్రదర్శనలో అద్దాల పెట్టెలో పెట్టి, పక్కన చీటీ అంటిస్తే, వచ్చినవాళ్ళు వంగి చూసి ముందుకు పోవడానికి కాదు అది ఉన్నది. దాని పిడి నాన్న వేళ్ళు పట్టిన చోట పట్టినట్టే అరిగి ఉంది. దగ్గుతో ఆయన మంచాన పడ్డ రెండేళ్ళలో ఆ గదిలోకి నువ్వు వచ్చి కూర్చున్న రోజులు ఎన్నో నాకు తెలుసు, నీకూ తెలుసు. దీపం అమ్మ మంచం కింద ఉంది, అక్కడే ఉంటుంది. ఈ సంగతి మళ్ళీ ఎత్తకు.

అమ్మ కళ్ళ గురించి అడిగావు. ఎడమ కన్ను పూర్తిగా మసకబారింది. కుడి కంటితో తలుపు ఎక్కడుందో, మనిషి ఎక్కడున్నాడో తెలుస్తుంది, ఎవరన్నది గొంతును బట్టి పోల్చుకుంటుంది. తెర తీసిన మర్నాడు నువ్వు బొమ్మ వేసిన గోడ చూపించమని పట్టుబడితే తీసుకెళ్ళాను. నాన్నను ఎక్కడ గీశాడు అని అడిగింది. కిరీటం పెట్టి, గొడ్డలి ఇచ్చి, మోచెయ్యంత మీసం తగిలించి పాతాళానికి కాపలాదారుణ్ణి చేశావు కదా, అక్కడికి ఆవిడ చెయ్యి పట్టుకెళ్ళి ఆనించాను. కాసేపు తడిమింది. "చల్లగా ఉందే. మీ నాన్న ఒళ్ళు ఎప్పుడూ కాలుతున్నట్టుండేది" అంది. ఇంక ఇంటికి పోదాం అంది. అమ్మకు నచ్చిందా అని రెండుసార్లు రాశావు కాబట్టి, ఆవిడ అన్నది ఇదే.

గోడ ఎలా ఉందో నన్ను నిజం చెప్పమన్నావు. మూడు నెలలు ఇక్కడ ఉండి, ఆదివారాలు మన ఇంట్లో భోంచేస్తూ, ఒక్కనాడు కూడా నన్ను పరదా వెనక్కి రానివ్వలేదు. చూసిన రోజు నోట మాట రాదు నీకు అన్నావు. తీరా తెర తీసే రోజుకు నువ్వు ఊళ్ళోనే లేవు, వేరే చోట పనుందని వెళ్ళిపోయావు. కాబట్టి ఆ రోజు కార్మిక సంఘం హాల్లో జరిగింది నువ్వు చూడలేదు. నేను చూశాను.

పైన జానెడు వెడల్పున మన ఊరు గీశావు. ఇళ్ళు, బట్టలారేసిన తీగలు, గని మీది చక్రం. దాని కింద ముప్పై అడుగుల పాతాళం. చెట్ల వేళ్ళు మనుషుల చేతుల్లా అల్లుకున్నాయి. పడగల మీద మణులతో పాములు. మధ్యలో నీలం నది. అట్టడుగున బొగ్గు సింహాసనం, దాని మీద కళ్ళకు బదులు రెండు దీపాలున్న రాజు. ఆ రాజు ముందు నుంచి, పద్నాలుగేళ్ళ కిందటి గని ప్రమాదంలో పోయిన తొమ్మిది మందీ, ఒంట్లోంచి బంగారు వెలుతురు చిమ్ముతూ వరసగా నడిచిపోతున్నారు. ఆ తొమ్మిది ముఖాలూ అచ్చు గుద్దినట్టు దించావు. ఆ విద్య నీకుంది, నేనెప్పుడూ కాదనలేదు.

గనిలో పైకప్పుకు దుంగలు నిలబెట్టే మేస్త్రీ, ముప్పై ఏళ్ళు కిందే గడిపిన మనిషి, చాలాసేపు చూసి, "కింద ఇంత వెలుతురుంటే మేం అసలు ఇంటికొచ్చేవాళ్ళం కాదు" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. తరవాత ఆయనే నా దగ్గరకొచ్చి, ఇన్ని అంతస్తులు గీశాడు గానీ నడుం వంచిన మనిషిని ఒక్కణ్ణీ గీయలేదేంటమ్మా అని అడిగాడు. నేను అప్పుడు గమనించాను. నీ పాతాళంలో అందరూ నిటారుగా నడుస్తారు.

నువ్వేమంటావో తెలుసు. ఉత్తరంలోనూ రాశావు, అది గని కాదు అక్కా, మనసులోని పాతాళం, నీకు చిత్రకళ అర్థం కాదు అని. అర్థం కాకపోతే పోనీ. ఆ పాతాళం నీకెక్కడ దొరికిందో మాత్రం నాకు తెలుసు. చిన్నప్పుడు నేను పనిచేసే దీపాల గదిలో కూర్చుని, చెల్లిపోయిన రిజిస్టరు కాగితాల వెనక గీసేవాడివి. కింద ఏముంటుంది అని అడిగేవాడివి. నేను మాత్రం ఎప్పుడు దిగాను? ఆడవాళ్ళను దింపేవారు కాదు. నోటికొచ్చింది చెప్పేదాన్ని. పాములు నేనిచ్చినవే, నది నేనిచ్చినదే. ఇద్దరమూ చూడని లోకాన్ని ఇద్దరం కలిసి కట్టాం. ఆటగా ఉన్నంతకాలం దానివల్ల ఎవరికీ నష్టం లేదు. అలాంటి దాంట్లోకి, నిజంగా కింద పోయినవాళ్ళను తెచ్చి నిలబెట్టావు చూడు, అక్కడ నాకు ఒళ్ళు మండింది.

అదైనా మింగేదాన్ని. కుడివైపు మూల, ఆ నిచ్చెన ఎందుకు గీశావు?

తొమ్మిది మంది కిందికి చూస్తూ నడుస్తుంటే, పదోవాడు ఒక్కడు నిచ్చెన మీద పైకి పాకుతున్నాడు. చేతిలో దీపం లేదు. వాళ్ళకు వీపు చూపించి, ముఖం మటుకు మా వైపు తిప్పాడు. వాడి ఒంటికి వెలుతురు లేదు, బూడిద రంగు. కనుబొమ్మ మీద గాటు. అది గనిలో నీళ్ళు తోడే పంపు నడిపిన మన పంపు అన్న అని హాల్లో ఉన్న ప్రతి మనిషికీ ఒక్క చూపులో తెలిసిపోయింది.

ముందు వరస కుర్చీల్లో ఆ తొమ్మిది మంది భార్యలనూ కూర్చోబెట్టారు. వాళ్ళలో పెద్దావిడ లేచి, నిచ్చెన దాకా నడిచి, ఆ ముఖం మీద ఉమ్మింది. ఎవరూ ఆపలేదు. ఆమె వెనకే ఇంకో ఇద్దరు లేచారు. పంపు అన్న భార్య, వదిన, వెనక గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ఆవిణ్ణి ఎవరూ పిలవలేదు. పద్నాలుగేళ్ళుగా ఆ వీధిలో ఎవరూ దేనికీ పిలవలేదు. వీధి చివర కుట్టు మిషన్ పెట్టుకుంటే, ఆ తొమ్మిది ఇళ్ళ నుంచి ఒక్క గుడ్డ ముక్క ఆవిడ గుమ్మం తొక్కలేదు. పంపు వదిలేసి పారిపోయినవాడి పెళ్ళాం ఆవిడ. మొగుడు ఉన్నాడో లేడో తెలియక, ఏ లెక్కలోనూ లేకుండా బతికింది. ఆ రోజు ఆవిడ ముఖం చూడడానికి నాకు ధైర్యం చాలలేదు.

మర్నాటి నుంచి దారినపోయే ప్రతివాడూ లోపలికొచ్చి ఆ మూల మీద ఉమ్మడం, మట్టి విసరడం అలవాటు చేసుకున్నారు. రోజూ పొద్దున్నే వదిన తడిగుడ్డ తెచ్చి తుడిచేది. సంఘం కార్యదర్శి ఆ మూలకు ఒక దుప్పటి కట్టించాడు. దుప్పటి ఎత్తి మరీ ఉమ్మారు. దుప్పటి ఎత్తి మరీ ఆవిడ తుడిచింది. ఆ మూలను ఎందుకు కప్పారని అడిగావు కదా, ఇందుకు.

ఇప్పుడు నీ ఉత్తరంలో మూడో పేజీ. 'ఎవరో మతిలేని ఆవిడ రోజూ తడిగుడ్డతో రుద్ది రంగు పాడుచేస్తోందని కార్యదర్శి రాశాడు. ఆవిణ్ణి లోపలికి రానివ్వొద్దని నువ్వు చెప్పు అక్కా, నీ మాటంటే ఇక్కడ అందరికీ గౌరవం' అని రాశావు.

ఆ మతిలేని ఆవిడ నీకు పదో తరగతిలో రెండు జతల బట్టలు కుట్టిపెట్టింది. పేరు తెలియకపోవచ్చు, ఆ ముఖం గీసినప్పుడు ఆ ముఖానికి ఒక ఇల్లుంటుందని నీకు తట్టలేదా? ఆ వాక్యం చదివాక నీ ఉత్తరం నలిపి పారేశాను. మళ్ళీ తీసి సాపు చేసుకున్నాను, నువ్వు అడిగిన ఇంకో ప్రశ్న అందులోనే ఉంది కాబట్టి.

'పాతాళ ద్వారం దగ్గర దీపాలు పంచుతున్నామెను గుర్తుపట్టావా?' అని అడిగావు. గుర్తుపట్టాను. అందరూ పట్టారు. పది చేతులిచ్చావు నాకు, ఒక్కో చేతిలో ఒక్కో దీపం. తల వెనక సూర్యుణ్ణి పెట్టావు. ఎంత శాంతంగా ఉంది ఆ ముఖం. ఊరికి ఊరు కిందికి దిగుతుంటే అందరికీ వెలుతురిచ్చి, అందరినీ మళ్ళీ లెక్కగా పైకి తెచ్చుకునే తల్లిని చేశావు. కార్యదర్శి నా పక్కనే నిలబడి చప్పట్లు కొట్టాడు. జనం నా వైపు తిరిగి కొట్టారు. ఇటు వాళ్ళు ఆ ముఖం మీద ఉమ్మడం, అటు నా ముఖానికి చప్పట్లు. పదిహేను అడుగుల ఎడం, అంతే.

దీపాల గదిలో బోర్డుల పద్ధతి నీకు గుర్తుందో లేదో, మళ్ళీ చెబుతాను. దిగే ప్రతి మనిషికీ అంకె వేసిన ఇత్తడి బిళ్ళ ఒకటుంటుంది. దీపం తీసుకున్నప్పుడు బిళ్ళ నాకిస్తాడు, నల్ల బోర్డుకు తగిలిస్తాను. అంటే మనిషి కింద ఉన్నాడని. పైకొచ్చి దీపం తిరిగి ఇస్తే ఆ బిళ్ళ తెల్ల బోర్డు మీదికి మారుస్తాను. అంటే మనిషి బయటికొచ్చాడని. నా షిఫ్టులో దిగినవాళ్ళ బిళ్ళలన్నీ తెల్ల బోర్డు మీదికి వస్తే గానీ నేను గది అప్పగించి వెళ్ళడానికి లేదు. కింద ఏదైనా జరిగితే వెతికేవాళ్ళు ముందు చూసేది నల్ల బోర్డునే.

ప్రమాదం జరిగిన రోజు నువ్వు రైల్లో ఉన్నావు. నీకు తెలిసిందల్లా నేను ఉత్తరాల్లో రాసిందే. మధ్యాహ్నం మూడింటికి నీ రైలు, బొమ్మల కాలేజీలో చేరడానికి. నా షిఫ్టు రెండింటికి అయిపోతుంది. అందరూ పైకొచ్చారు, పంపు అన్న ఒక్కడు రాలేదు. ఆయన బిళ్ళ ఒక్కటే నల్ల బోర్డు మీద ఉంది. రెండింటికి కింద పంపు గది నుంచి ఫోన్ చేశాడు.

"చెల్లెమ్మా, నా తర్వాతవాడు ఇంకా రాలేదు. వాడొచ్చేదాకా పంపు వదిలి రాను. నువ్వు నా కోసం ఆగకు, బిళ్ళ మార్చేసి తమ్ముణ్ణి రైలెక్కించు. పైకొచ్చాక దీపం కిటికీలో పెట్టి పోతాలే."

ఇవే ఆయన మాటలు. ఇంకొకటి కూడా అన్నాడు, తమ్ముడికి నేను ఆల్ ది బెస్ట్ చెప్పానని చెప్పు అన్నాడు. నేను నీకు చెప్పాను, ప్లాట్‌ఫారం మీద. నువ్వు కిటికీలోంచి తలూపావు.

నేను బిళ్ళ తీసి తెల్ల బోర్డుకు తగిలించాను. గది రెండో షిఫ్టు మనిషికి అప్పగించాను. ఆయనకు ఏమీ చెప్పలేదు. చెబితే బిళ్ళ మళ్ళీ నల్ల బోర్డుకు వేసి, నన్ను ఆగమనేవాడు.

నిన్ను రైలెక్కించి తిరిగి వస్తుంటే సైరన్ మోగింది. మూడున్నరకు పాత సొరంగం గోడ పగిలి నీళ్ళు వచ్చిపడ్డాయి. పై సొరంగాల్లో వాళ్ళందరూ బయటపడ్డారు, నల్ల బోర్డు మీద తొమ్మిది బిళ్ళలు మిగిలాయి. నేను వెళ్ళేసరికి మేనేజరు, రక్షించడానికి దిగేవాళ్ళు బోర్డు ముందు నిలబడి అంకెలు రాసుకుంటున్నారు. కిటికీలో దీపం ఉందేమోనని చూశాను. లేదు. ఆయన ఇంటికి పరుగెత్తాను. వదిన గుమ్మంలో నిలబడి, ఇంకా రాలేదేంటి అని నన్నే అడిగింది. మళ్ళీ దీపాల గదికి వచ్చాను. మేనేజరు నన్ను చూసి, "నీ షిఫ్టు బోర్డు సరిగ్గా అప్పగించావా?" అన్నాడు.

"అప్పగించానండీ" అన్నాను.

ఒక్క మాట. ఆ ఒక్క మాటతో పది తొమ్మిదయింది. వాళ్ళు తొమ్మిది మంది కోసం దిగారు. రెండో రోజు సాయంత్రానికి అడుగు సొరంగంలో తొమ్మిది మంది దొరికారు, లెక్క సరిపోయిందని పైకి వచ్చేశారు. నీళ్ళు పెరుగుతున్నాయని ఆ అడుగు సొరంగం నోటికి కాంక్రీటు పోశారు. పంపు గది ఎక్కడుంటుందో మొన్న మేస్త్రీని అడిగాను. అడుగు సొరంగం చివర పక్కకు తిరిగి, నాలుగు మెట్లు ఎక్కితే వస్తుందట. నాలుగు మెట్లు ఎత్తు. అంటే నీళ్ళు అక్కడికి వెంటనే చేరి ఉండవు. ఫోను తీగ మాత్రం మొదటి నీళ్ళకే తెగిపోయింది. ఆ రెండు రోజులూ ఆయన బతికి ఉన్నాడో లేదో నాకు తెలియదు. తెలియదు అని రాసుకోవడం కూడా నా మీద నేను చూపించుకుంటున్న దయే.

మూడో రోజున, ఆయన దీపం కొక్కెం ఖాళీగా ఉందని ఎవరైనా చూస్తారని, బీరువాలో ఉన్న స్పేరు దీపం మీద ఆయన అంకె రాసి తగిలించాను. విచారణలో, దీపం ఇచ్చాడా అని అడిగితే ఇచ్చాడన్నాను. లిఫ్టు నడిపేవాడు లేచి, నేను ఆయన్ని పైకి తీసుకురాలేదే అన్నాడు. అప్పుడు నేను, పాత నిచ్చెన దారిన వచ్చి ఉంటాడండీ అన్నాను. ఆ దారిని ఎవరూ వాడక అప్పటికే ఆరేళ్ళయింది. అయినా రాసుకున్నారు. ఆయన తర్వాతవాడు ఆ రోజు పనికే రాలేదు, వాడు రాకముందే పంపు వదిలేసి నిచ్చెన దారిన పారిపోయాడని, అందువల్లే నీళ్ళొచ్చాయని తేల్చారు. సిగ్గుతో ఊరే వదిలిపోయాడన్నారు జనం. పంపు ఆగితే వచ్చే నీళ్ళు కావవి, నీళ్ళొచ్చాకే పంపు ఆగి ఉంటుంది అని మేస్త్రీ ఒక్కడే అన్నాడు. ఎవరూ వినలేదు. నేనూ విననట్టే కూర్చున్నాను.

పోయినేడు నువ్వు గోడ కోసం వివరాలు అడుగుతూ, పంపు అన్న ఎలా తప్పించుకున్నాడు అక్కా అని రాస్తే, నిచ్చెన దారిన అని మళ్ళీ రాశాను. నిచ్చెన ఎందుకు గీశావని ఇందాక నిన్ను నిలదీశాను కదా. అది నేనిచ్చిన నిచ్చెనే. పాముల్నీ నదినీ ఇచ్చినట్టే ఇచ్చాను. నువ్వు నమ్మి గీశావు. ఒక మనిషి మీద జనం ఉమ్మేలా గీసేముందు ఆ మనిషి ఇంటికి ఒకసారి వెళ్ళి అడుగుదామని అనుకోలేదు చూడు, అది నీ తప్పు. మిగిలిందంతా నాది.

నీ చదువు ఆగిపోతుందని అబద్ధమాడాను అని పద్నాలుగేళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది కూడా నిజం కాదు. భయపడ్డాను, అంతే. నిన్ను అడ్డం పెట్టుకున్నాను. కాబట్టి నా కోసం నువ్వు అనే మాట నీ జవాబులో ఎక్కడా రాయకు.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు, వదినను ఆపమని చెప్పడానికి కాదు గానీ, ఏదో ఒకటి మాట్లాడదామని పొద్దున్నే హాలుకు వెళ్ళాను. ఆవిడ దుప్పటి ఎత్తి తుడుస్తోంది. రోజూ రుద్ది రుద్ది ఆ ముఖం సగం చెరిగిపోయింది. నన్ను చూసి, తుడవడం ఆపకుండానే అడిగింది.

"ఆ రోజు ఆయన దీపం నీ చేతికే ఇచ్చాడు కదా. ముఖం ఎలా ఉంది? భయపడ్డాడా?"

పద్నాలుగేళ్ళలో ఆవిడ ఒక్కసారి కూడా అడగలేదు. ఇప్పుడు ఆ బొమ్మను రోజూ దగ్గరగా చూస్తోంది కాబట్టి అడిగింది. బొమ్మలో ఉన్నట్టుగా భయంతోనే వచ్చాడా లేదా అన్నది ఒక్కటే ఆవిడకు తెలుసుకోవాలని ఉంది.

ఇవ్వలేదు వదినా, ఆయన పైకే రాలేదు అన్నాను. ఫోన్ సంగతి, బిళ్ళ సంగతి, స్పేరు దీపం సంగతి మొత్తం చెప్పాను. ఆవిడ చెయ్యి గోడ మీదే ఆగి ఉంది. గుడ్డలోంచి నీళ్ళు మోచేతి దాకా కారుతున్నాయి.

"అయితే కిందే ఉన్నాడా?"

"కిందే ఉన్నాడు."

"పంపు దగ్గరే?"

"పంపు దగ్గరే."

నన్ను కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండేది. అటు తిరిగి, హాల్లో క్యారమ్స్ ఆడుతున్న ముగ్గుర్నీ, ఆఫీసు గదిలోంచి కార్యదర్శినీ పిలిచింది. వాళ్ళు వచ్చాక నా వైపు చూసి, "ఇప్పుడు నాకు చెప్పింది మళ్ళీ చెప్పు. వీళ్ళందరికీ వినబడేలా చెప్పు" అంది. చెప్పాను. ఇంకోసారి చెప్పు అంది. ఇంకోసారి చెప్పాను. కార్యదర్శి అడ్డం వచ్చాడు. పాత విషయం కదా, కూర్చుని నిదానంగా మాట్లాడుకుందాం, సంఘం పరువు అన్నాడు. ఆవిడ ఆయన వైపు చూడను కూడా చూడలేదు.

మర్నాడు నా వాంగ్మూలం రాసి, ఒకటి మేనేజరుకు, ఒకటి గనుల ఇన్‌స్పెక్టరుకు ఇచ్చాను. దీపాల గది తాళాలు అప్పగించమన్నారు. అప్పగించాను. విచారణ మళ్ళీ తెరుస్తారట. నాకేం చేస్తారో తెలియదు, నువ్వు వకీలును మాట్లాడతానని రాయొద్దు, నాకు అక్కర్లేదు. ఆ రోజు మొదట ఉమ్మిన పెద్దావిడ మన గుమ్మం ముందు నిలబడి నన్ను నోటికొచ్చినట్టు తిట్టి వెళ్ళింది. ఇంకో ఇద్దరు బట్టలు తీసుకుని వదిన దగ్గరికి కుట్టించుకోవడానికి వెళ్ళారట. మిషన్ ఆపకుండానే, ఖాళీ లేదు అందట. అమ్మ నాతో మాట్లాడడం మానేసింది. పెట్టింది తింటుంది, కంచం తనే తడుముకుంటూ వెళ్ళి కడుక్కుంటుంది. నిన్న మాత్రం ఒక్కసారి, ఆ పిల్ల ఎలా ఉంది అని అడిగింది. వదిన గురించి అడిగిందని అర్థం కావడానికి నాకు కాస్త సమయం పట్టింది.

ఆ సొరంగం తెరవరట. లోపలంతా నీళ్ళు, కాంక్రీటు పగలగొడితే పక్క సొరంగాలు కూలతాయి, ఎంత మొత్తుకున్నా కుదరదని ఇన్‌స్పెక్టరు వదినకు మా ముందే చెప్పాడు. ఆవిడ ఏడుస్తుందనుకున్నాం. లేచి నిలబడి, నా వైపు తిరిగి చెప్పింది. "మీ తమ్ముడికి రాయి. ఆయన్ని కిందికి దించమను."

అందుకే రాస్తున్నాను. రంగులు తీసుకుని రా. నన్ను ఓదార్చడానికైతే రావద్దు, ఇంట్లో నీకు మంచం వేయను. సంఘం వాళ్ళ గదిలోనే ఉండు. నిచ్చెన తీసెయ్యి. పాముల్ని, రాజును ఉంచుకుంటావో చెరుపుకుంటావో నీ ఇష్టం. అడుగున, ఆ తొమ్మిది మంది వెళ్ళే దారి చివర, నాలుగు మెట్ల మీద ఒక గది గియ్యి. మేస్త్రీ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను: మనిషి నిటారుగా నిలబడితే తల తగులుతుంది. పంపు ఎడమవైపు. ఎదురుగా చెక్క బల్ల ఒకటి. గోడకు ఫోను. నీలం రంగు ఎక్కడా ఉండదు. వెలుతురు దీపం నుంచి ఎంత వస్తుందో అంతే.

నన్ను గోడ మీంచి చెరిపేయమని రాస్తానని వదినతో అన్నాను. అక్కర్లేదంది. పది చేతులు తీసేసి రెండే ఉంచాలట. ఒక చేతిలో బిళ్ళ, ఆ చెయ్యి తెల్ల బోర్డు మీద ఉండాలట. హాలుకు వచ్చేవాళ్ళు రోజూ చూడాలంది. అలాగే గియ్యి. నా ముఖం శాంతంగా గీయకు.

నువ్వు గీస్తున్నంతసేపూ వదిన పక్కన నిలబడుతుంది. నీతో మాట్లాడదు, నువ్వు మాట్లాడించకు. కనుబొమ్మ మీద గాటు ఎడమవైపట, నువ్వు కుడివైపు వేశావు. ముఖం కుదిరిందో లేదో ఆవిడే తలాడిస్తుంది, కుదరకపోతే చెరిపి మళ్ళీ గియ్యి, ఎన్నిసార్లయినా సరే.

పంపు దగ్గర ఆయన్ని ఎలా గీయమందాం, నిలబెట్టా, కూర్చోబెట్టా అని మేస్త్రీ వదినను అడిగాడు.  "కూర్చోబెట్టమను. అప్పటికే పొద్దుట్నుంచీ నిలబడి ఉన్నాడు" అంది.

ఇట్లు,
నీ అక్క